ఇనుమను పేరుగల వృద్ధుని భోజనపు బల్ల
(విశ్రాంతి వయస్సును సమీపించు విశ్వాసుల కొరకైన పాఠము)

పాఠ్య భాగములు: సంఖ్యాకాండము 8:23-26, 2 సమూయేలు 17:24-29, 19:31-40, యోహాను 21:1-14.

ముఖ్యాంశము: జీతపు కొలువునకు అంతము కలదు, ఒకరినొకరు పోషించు పరిచర్యకు అంతము లేదు.

ఉపోద్ఘాతము

జంషెడ్‌పూర్ నగరపు అంచున, టాటానగర్ రైల్వే స్టేషనునకు చేరువలో బాగ్‌బేరా అను బస్తీ కలదు. రైల్వే క్వార్టర్లును, సొంత యిండ్లును, ఇరుకు సందులును, మంచినీటి కొరకైన నిరీక్షణయు అక్కడి జీవితములో భాగములు. 1907వ సంవత్సరములో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ స్థాపింపబడెను. 1912లో సాక్చీ యొద్ద మొదటి ఉక్కు తయారయ్యెను. 1919లో ఆ యూరికి జంషెడ్‌పూర్ అనియు, కాళీమాటి స్టేషనునకు టాటానగర్ అనియు పేర్లు పెట్టబడెను. ఆ కార్ఖానా, ఆ రైలు మార్గము పిలువగా శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి తెలుగువారు అనేకులు ఖరగ్‌పూర్ మీదుగా ఈ చోటికి వచ్చి స్థిరపడిరి. వారి సంతతివారిలో ఇప్పుడు మూడవ, నాలుగవ తరమువారు కూడ ఉన్నారు.

ఇట్టి చోట 58, 59 యేండ్ల వయస్సు మనుష్యుని కొక ప్రశ్నయై నిలుచును. కేంద్ర ప్రభుత్వోద్యోగుల విరమణ వయస్సు 1998లో 58నుండి 60 సంవత్సరములకు పెంచబడెను. రైల్వే ఉద్యోగులకును అదియే వర్తించెను. ఆ దినము సమీపించిన కొలది ఇంటిలో లెక్కలు మొదలగును. ప్రావిడెంటు ఫండు ఎంత? గ్రాట్యుటీ ఎంత? క్వార్టరు ఖాళీ చేసినపిమ్మట నివాస మెక్కడ? ఈ లెక్కలు అవసరమే. అయితే కాగితము మీద వేయలేని లెక్క యొకటి కలదు. షిఫ్టు లేని ఉదయమున ఆ మనుష్యుడు ఎవరితో కూర్చుండి భోజనము చేయును? ఎవరు అతని తలుపు తట్టుదురు? ఈ పాఠము ఆ లెక్కకు సంబంధించినది.

1. లేవీయుల విరమణ

పదవీ విరమణనుగూర్చి పరిశుద్ధ గ్రంథములో స్పష్టమైన నియమము ఒక్క చోటనే కనబడును. లేవీయులు 25 ఏండ్ల ప్రాయమున గుడారపు సేవలో చేరి 50 ఏండ్ల ప్రాయమున దానినుండి తొలగవలెనని సంఖ్యాకాండము 8వ అధ్యాయము చెప్పుచున్నది. లేవీయుల పని సుకుమారమైనది కాదు. గుడారపు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు, తెరలు వారి వంతు. మజిలీ మజిలీకి వాటిని విప్పవలెను, మోయవలెను, మరల నిలువబెట్టవలెను. కొలిమి వేడిలోను, పట్టాల మీదను 30 ఏండ్లు పనిచేసినవానికి ఇది సులువుగా బోధపడును. కాబట్టి 50 ఏండ్లకు పని మానుమనుట ఆ లేవీయుని త్రోసివేయుట కాదు. వాని వీపు మీద దేవుడు చూపిన దయ.

ఆ వాక్యములలో రెండు హెబ్రీ మాటలు గమనింపదగినవి. 'అబోదా' అనగా శరీరముతో చేయు కాయకష్టము. 'షారేత్' అనగా దగ్గర నిలిచి పరిచర్య చేయుట. 50 ఏండ్లు నిండిన లేవీయునికి అబోదా నిలిచిపోవును. కాని గుడారములో తన సహోదరులతో నుండి పరిచర్య చేయుట, అప్పగింపబడినదానిని కాపాడుట నిలిచిపోదు. బరువు దింపబడినది గాని సహవాసము తీసివేయబడలేదు. సహోదరులు అనుమాట అక్కడ ఊరక వ్రాయబడలేదు. పని పోయినపుడు మనుష్యునికి మొదట పోవునది తోటివారే గదా! ఇరువది యేండ్లు ఒకే క్యాంటీనులో ఎదురెదురుగా కూర్చుండినవారు విరమణయైన యేడాదిలోపల ఒకరి యిల్లు ఒకరికి తెలియనివారగుచున్నారు. ధర్మశాస్త్రము ఆ నష్టమును ముందుగానే చూచి, ముదుసలి లేవీయుని సహోదరుల మధ్యనే నిలిపియుంచెను.

2. బర్జిల్లయి: ఇనుము పేరు, మెత్తని హృదయము

విరమణ వయస్సు దాటిన యొక మనుష్యుని జీవితములో ఈ నియమపు ఆత్మను చూడగోరువాడు గిలాదీయుడైన బర్జిల్లయిని చూడవలెను. హెబ్రీ భాషలో 'బర్జెల్' అనగా ఇనుము. బర్జిల్లయి అను పేరు ఆ మాటనుండియే వచ్చినది. ఉక్కు నగరపు నీడలో నివసించువారికి ఈ పేరు పరాయిది కాదు.

అబ్షాలోము తిరుగుబాటు చేసినపుడు దావీదు యెరూషలేము విడిచి యొర్దాను దాటి మహనయీమునకు పారిపోయెను. కన్న కుమారుడే శత్రువై తరుముచుండగా ఆ రాజునకు సింహాసనము లేదు, వంటశాల లేదు. వాని జనులు అరణ్యములో అలసి, ఆకలిగొని, దప్పిగొనియుండిరి. అప్పుడు ముగ్గురు మనుష్యులు వచ్చిరి: అమ్మోనీయుల రబ్బా పట్టణమువాడైన షోబీ, లోదెబారు ఊరివాడైన మాకీరు, రోగెలీము ఊరివాడైన బర్జిల్లయి. వారు తెచ్చినవాటి పట్టికను గ్రంథకర్త ఓపికగా వ్రాసెను: పరుపులు, పాత్రలు, కుండలు, గోధుమలు, యవలు, పిండి, వేయించిన ధాన్యము, కాయధాన్యములు, తేనె, వెన్న, జున్ను, గొఱ్ఱెలు. యుద్ధపు చరిత్రలో కత్తుల లెక్క వ్రాయుట వాడుక. ఇక్కడ వంట సామగ్రి లెక్క వ్రాయబడెను. రాజ్యము నిలుచుటకు ఆ దినమున కావలసినది అన్నమే.

వచ్చిన ముగ్గురు ఒకే జాతివారు కారు. షోబీ అమ్మోనీయుడు, ఇశ్రాయేలుతో పోరాడిన జనాంగమునకు చెందినవాడు. మాకీరు సౌలు మనుమడైన మెఫీబోషెతును పూర్వము తన యింట నుంచుకొన్నవాడు (2 సమూయేలు 9:4). బర్జిల్లయి గిలాదీయుడు. వారిని ఏకము చేసినది ఒక మనుష్యుని ఆకలి.

అప్పటికే బర్జిల్లయి ఏండ్లు గడచినవాడు. రాజు తిరిగి యెరూషలేమునకు పోవునప్పుడు అతడు 80 ఏండ్లవాడని వ్రాయబడియున్నది. చాలినంత ఆస్తి గలవాడు. ఇంట కాళ్లు చాపుకొని కూర్చుండదగినవాడు. అయినను రాజు మహనయీములో నున్నంతకాలము అతడే ఆహారమిచ్చి ఆదుకొనెను.

3. 'కిల్కేల్' అను మాట

2 సమూయేలు 19:32లో బర్జిల్లయి రాజును పోషించిన సంగతి చెప్పుటకు వాడబడిన హెబ్రీ క్రియ 'కిల్కేల్'. ఒకని బ్రతుకు కూలిపోకుండ ఆహారముతో ఎత్తిపట్టుట దాని భావము. తెలుగు బైబిలులో సందర్భమును బట్టి వేరువేరు మాటలతో ఇది అనువదింపబడినందున చదువరికి ఈ సంబంధము సులభముగా కనబడదు. హెబ్రీలో ఈ మాట నడచిన దారిని చూడుడి.

కరవు కాలమున యోసేపు తన తండ్రికి పంపిన వర్తమానములో ఇదే మాట వాడెను (ఆదికాండము 45:11). బేత్లెహేము స్త్రీలు నయోమి ఒడిలోని బిడ్డను చూచి, వీడు నీ ముసలితనమును పోషించునని చెప్పినప్పుడు ఇదే మాట (రూతు 4:15). సారెపతులోని బీద విధవరాలు ఏలీయాకు అన్నము పెట్టునని దేవుడు చెప్పినప్పుడు ఇదే మాట (1 రాజులు 17:9). తన భారమును దేవునిమీద మోపినవానిని ఆయన ఆదుకొనునని కీర్తనకారుడు చెప్పినప్పుడును ఇదే మాట (కీర్తన 55:22).

దీనిలో రెండు సంగతులు తేటపడుచున్నవి. మొదటిది: ఐశ్వర్యవంతుడైన బర్జిల్లయి పనికిని, తొట్టిలో పట్టెడు పిండి మాత్రమే గల విధవరాలి పనికిని గ్రంథము ఒకే పేరు పెట్టెను. పింఛను కొద్దిదని ఏ విశ్వాసియు ఈ పరిచర్యనుండి తప్పించుకొనజాలడు. రెండవది: నరుడు నరునికి పెట్టు అన్నమునకును, దేవుడు తన వారిని ఆదుకొనుటకును ఒకే మాట వాడబడినది. పొయ్యి ముందు నిలిచి పొరుగువాని కొరకు గంజి కాచు ముదుసలి, దేవుని క్రియనే తన చేతులతో చేయుచున్నది.

4. బాగ్‌బేరా వంటిండ్లలో ఈ పాఠము

మహనయీములోని పట్టికలో వేయించిన గింజలు కలవు. ఝార్ఖండు, బీహారు ప్రాంతములలో వేయించిన శనగలను విసరి చేయు సత్తు పిండి కష్టజీవికి నేటికిని ఆధారము. నీటిలో ఉప్పు, ఉల్లిపాయ, నిమ్మరసముతో కలిపి త్రాగుదురు. లిట్టీలో పెట్టి నిప్పులమీద కాల్చుదురు. పొయ్యి వెలిగింపనక్కరలేని ఆహారము బాటసారికిని, పారిపోవువానికిని మేలైనదని బర్జిల్లయి ఎరిగెను. ఈ ప్రాంతపు కూలివాడును ఎరుగును.

శ్రీకాకుళపు తల్లులు చోళ్లనియు, ఇతర జిల్లాలవారు రాగులనియు పిలుచు ధాన్యమునే ఝార్ఖండులో మడువా అందురు. తెలుగు ఇంట అది చోడంబలి యగును; ఆదివాసుల యింట రొట్టె యగును. పేరు మారినది, గింజ మారలేదు. బాగ్‌బేరా సందులో ఒక ముంగిట దీదీ, మరియొక ముంగిట భాభీ, ఇంకొక ముంగిట వదిన. ఛఠ్ పండుగకు పొరుగింటివారు ఠేకువా పంపుదురు. క్రిస్మసునకు తెలుగు క్రైస్తవ గృహమునుండి అరిసెలు, జంతికలు పోవును. ఇచ్చిన గిన్నెను వట్టిగా త్రిప్పి పంపుట మర్యాద కాదని అందరికిని తెలియును. అమ్మోనీయుడైన షోబీయు, గిలాదీయుడైన బర్జిల్లయియు కలిసి మోసిన బుట్ట ఇటువంటిదే. పొరుగువాని విశ్వాసము వేరైనంతమాత్రమున వాని ఆకలి వేరు కాదు.

అయితే ఇంటి లోపల ఒక అన్యాయము జరుగుచున్నది, దానిని కప్పిపుచ్చరాదు. ఇంటి యజమానునికి 60 ఏండ్లకు విశ్రాంతి వచ్చును. ఇల్లాలికి ఎప్పుడు వచ్చును? 35 ఏండ్లు ఆమె తెల్లవారుజాము షిఫ్టునకు మూడు గంటలకే లేచి క్యారియరు కట్టెను. రాత్రి షిఫ్టు దిగివచ్చినవానికి అన్నము వేడిచేసి పెట్టెను. ఇప్పుడు అతడు దినమంతయు ఇంటనే యుండును. పదింటికి టీ, పండ్రెండింటికి వేడి అన్నము, నాలుగింటికి మరల టీ. అతని విరమణ దినమున ఆమె పని పెరుగుచున్నది. ఆమె మోకాళ్లకును అతని మోకాళ్ల వయస్సే గదా! లేవీయుని వీపు మీది బరువును చూచిన దేవుడు ఆమె వీపును చూడకుండునా?

పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్రతీరమున చేసిన పనిని ఇక్కడ తలంచుకొనవలెను. రాత్రియంతయు శ్రమపడియు ఏమియు పట్టలేకపోయిన శిష్యులకు ఒడ్డున నిప్పులును, వాటి మీద చేపయు, రొట్టెయు కనబడెను. మరణమును జయించినవాడు ఆ ఉదయమున నిప్పు రాజవేసి భోజనము సిద్ధపరచెను, తానే వడ్డించెను. అంతకుముందు ఒక నిప్పుల యొద్దనే పేతురు ఆయనను ఎరుగనని పలికియుండెను (యోహాను 18:18). ఈ నిప్పుల యొద్ద భోజనమైన పిమ్మట అతనికి మందను మేపు పని మరల అప్పగింపబడెను. ప్రభువు చేసిన పని పురుషునికి అవమానకరమని చెప్పు క్రైస్తవుడెవడు? విరమణకు ముందు సంవత్సరమే పురుషుడు అన్నము వండుట, పప్పు తాలింపు పెట్టుట, ఒక పులుసు కాచుట నేర్చుకొనుట మంచిది. ఇది ఇల్లాలికి ప్రేమ. ఒకవేళ ఆమె ముందుగా ప్రభువునొద్దకు పిలువబడిన యెడల అతనికి ఆధారము. భార్య మరణించినపుడు దుఃఖముతోబాటు ఆకలియు ఓర్చుకొను వృద్ధులు ప్రతి సంఘములోను కలరు.

5. రాజు ఆహ్వానము, వృద్ధుని ఉత్తరము

జయము కలిగిన పిమ్మట దావీదు బర్జిల్లయిని యెరూషలేమునకు రమ్మనెను. తన యొద్దనే పోషించెదననెను. ఇక్కడను అదే కిల్కేల్. పోషించినవానికి పోషణ తిరిగి వచ్చినది. కాని ముసలివాడు మృదువుగా కాదనెను. తన నాలుకకు రుచి తగ్గినదనియు, గాయకుల స్వరము చెవికి సరిగా వినబడుట లేదనియు, రాజునకు తాను భారమెందుకు కావలెననియు చెప్పెను. తలిదండ్రుల సమాధియున్న తన యూరిలో చనిపోవుట అతని కోరిక. తనకు బదులుగా కింహామును తీసికొనిపొమ్మని మనవి చేసెను.

ఈ ఉత్తరములో వార్ధక్యపు జ్ఞానము కలదు. అతడు తన బలహీనతను దాచలేదు. దానిని చూపి ఏడ్వనులేదు. రుచి తెలియని నాలుక గలవాడే ఇతరులకు రుచిగల భోజనము పెట్టియుండెను. తనకు వచ్చిన గౌరవమును యౌవనునికి విడిచిపెట్టెను. కుర్చీ దిగినను దాని చేయిని వదలని పెద్దలు సంఘములలో లేకపోలేదు. వారికి బర్జిల్లయి మంచి ఉపాధ్యాయుడు.

బాగ్‌బేరాలోని తెలుగువారికి ఈ చోట సొంత ప్రశ్న యొకటి కలదు. విరమణయైన పిమ్మట శ్రీకాకుళపు పల్లెకు తిరిగిపోవుటయా, లేక ఇక్కడనే యుండుటయా? పల్లెలో తలిదండ్రుల సమాధులున్నవి; కాని 35 ఏండ్ల స్నేహితులు ఇక్కడ ఉన్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో ఉద్యోగములలో నున్నారు. వాక్యము ఒకే మార్గమును అందరికి విధింపలేదు. బర్జిల్లయి తన యూరికి మరలెను. చెరలోనున్నవారికి యిర్మీయా వ్రాసిన పత్రికయైతే, పరదేశములోనే యిండ్లు కట్టుకొని, తోటలు నాటి, వాటి ఫలము తిని, ఆ పట్టణపు క్షేమము కోరుడని ఆజ్ఞాపించెను (యిర్మీయా 29:5-7). ఎక్కడ నివసింతును అనుదానికంటె, అక్కడ నా బల్లయొద్ద ఎవరు కూర్చుందురు అనునది ముందుగా అడుగవలసిన ప్రశ్న. దీనికి ఉత్తరము భర్త యొక్కడే నిర్ణయించునది కాదు. తిరిగిపోయిన నయోమి సొంత యూరిలోనే చేదును అనుభవించెను. బోయజు తన కూలివారి భోజనవేళ రూతునకు పేలాలు అందించిన దినముననే (రూతు 2:14) ఆ చేదు విరుగుట మొదలాయెను. అవియు వేయించిన గింజలే.

6. బల్ల విడిచిపెట్టిన సంతతి

దావీదు మరణకాలమున సొలొమోనునకు చేసిన ఆజ్ఞలలో ఒకటి బర్జిల్లయి కుమారులనుగూర్చినది: వారు రాజు బల్లయొద్ద భోజనము చేయువారిలో ఉండవలెను (1 రాజులు 2:7). మహనయీములో పెట్టిన అన్నము తరము దాటి వచ్చెను. సుమారు 400 సంవత్సరముల తరువాత, యెరూషలేము కూలిన దినములలో, ఐగుప్తునకు పోవుచున్న భయభ్రాంతులు బేత్లెహేము దగ్గర గెరూతు కింహాము అనుచోట దిగిరని యిర్మీయా 41:17 తెలుపుచున్నది. ఆ మాటకు కింహాము బస అని అర్థము చెప్పుదురు. ఈ కింహాము బర్జిల్లయి పంపినవాడేయని అనేక వ్యాఖ్యాతలు తలంచిరి. అట్లయినచో పారిపోవువారికి అన్నము పెట్టిన వృద్ధుని ఇంటివాని పేరు, మరియొక తరములోని పారిపోవువారికి నీడయాయెను. ఉద్యోగపు పేరు కార్యాలయపు పుస్తకములో ఆ దినముననే కొట్టివేయబడును. అన్నము పెట్టిన పేరు అంత త్వరగా చెరిగిపోదు.

7. ఆచరణలో పెట్టవలసినవి

విరమణ సమీపించిన దంపతులు ఈ క్రింది సంగతులను విరమణకు ముందే ఆరంభింపవలెను; అలవాటు లేని స్నేహము ఆర్డరు చేతికి వచ్చిన మరునాడు పుట్టదు.

వీడ్కోలు విందునకు ప్రావిడెంటు ఫండు సొమ్ము కరగించుట బుద్ధి కాదు. ఆ యొక్క రాత్రి వందలమందికి పెట్టుటకంటె, వారమున కొకసారి ఒక్కనికి, ఇంట వండినదానిలో పెట్టుట మేలు. విందు చూచి వచ్చువారు వేరు. చారు, అన్నమునకు వచ్చువారు వేరు.

రక్తపుపోటు, మధుమేహము గలవారు ఉప్పు, బెల్లము తగ్గించుకొందురు గాక. అతిథి కొరకు వేరుగా వండనక్కరలేదు. చప్పిడి కూరనైనను ఇద్దరు తినిన యెడల రుచి వచ్చును.

సంఘములో ఒంటరిగా భోజనము చేయువారి పేర్లు వ్రాసికొనవలెను: విధవరాండ్రు, భార్యను పోగొట్టుకొన్నవారు, పిల్లలు దూరమున నున్నవారు. నీటి టాంకరు యొద్ద బిందె మోయలేక నిలిచిన వృద్ధురాలును ఆ పట్టికలో ఉండవలెను.

హిందీ బడులలో చదువు మనుమలకు బల్లయొద్దనే తెలుగు అక్షరములు నేర్పవచ్చును. పప్పు, పులుసు, పెరుగు అను మాటలతో మొదలుపెట్టిన బాలుడు ఒక దినమున తెలుగు వాక్యమును చదువగలడు.

చర్చకు ప్రశ్నలు

1. సంఖ్యాకాండము 8:25-26లో నిలిచిపోవు పని ఏది? నిలిచియుండు పరిచర్య ఏది? మీ సంఘములో విశ్రాంతి పొందినవారికి ఏ పరిచర్య అప్పగింపబడినది?
2. బర్జిల్లయి రాజు ఆహ్వానమును ఎందుకు కాదనెను? గౌరవమును యౌవనులకు విడుచుట మీకు ఏ విషయములో కష్టముగా నున్నది?
3. మీ యింట వంటపని భారము ఎవరి మీద నున్నది? యోహాను 21:9 దీనిగూర్చి ఏమి నేర్పుచున్నది?
4. గడచిన నెలలో మీ బల్లయొద్ద భోజనము చేసిన అన్యులెవరు? మీరు ఎవరి బల్లయొద్ద భోజనము చేసితిరి?

ప్రార్థనాంశములు

ఈ సంవత్సరము ఉద్యోగమునుండి విశ్రాంతి పొందు విశ్వాసుల కొరకు. వారి విరమణతో పని పెరిగిన గృహిణుల కొరకు. స్వస్థలమునకు పోవుటయా, నిలుచుటయా అని తడబడు కుటుంబముల కొరకు. ఒంటరిగా భోజనము చేయుచున్నవారి కొరకు. వారి తలుపు తట్టుటకు గిన్నె చేతబట్టుకొని బయలుదేరు వారి కొరకు.